బాన కోసం కట్టిన మాట

పిచ్చుకకి మొట్టమొదట అనుమానం వచ్చింది అత్తయ్య నవ్వనందుకు.

ఊపిరి జబ్బు దేశాలు దాటి, ఊళ్ళు దాటి వాళ్ళ వీధిలో కాలు పెట్టిన దగ్గర్నుంచి కబుర్లకి కరువు లేకుండా పోయింది. వేన్నీళ్ళు పుక్కిలిస్తే జబ్బు గొంతులోనే చస్తుందని ఒకరు. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి ఊపిరి బిగబడితే చాలని ఒకరు. కొన్ని ఫోనులో వచ్చేవి, కొన్ని కొళాయి దగ్గర పుట్టేవి. పిచ్చుక వాటిని ఏరుకొచ్చి ఇంట్లో వినిపించేది, అత్తయ్య పొట్ట పట్టుకుని నవ్వేది. "ఏడో తరగతి దాకా చదివింది ఈ చెత్త చదవడానికా పిల్లా?" అనేది. ఆ నవ్వు వింటే పిచ్చుకకి గుండెదడ కాస్త తగ్గేది. అసలే చీమ చిటుక్కుమంటే ఉలిక్కిపడే మనిషి. ఆ పేరు అత్తవారింట్లో పెట్టిందే. చంకలోకి పాలు తాగే పాప వచ్చాక ఆ ఉలికిపాటు రెండింతలయింది.

ఆ రోజు మాత్రం అత్తయ్య నవ్వలేదు.

"వేలికి పెడతారు చూడండి, ఆ క్లిప్పు. అది ఊపిరి లాగేస్తుందట అత్తయ్యా. వేలి చివర్నుంచి నెమ్మదిగా పీల్చేస్తుందట. అందుకే పెట్టినకొద్దీ అంకె పడిపోతుందట. కూరల పిన్ని చెప్పింది."

చిలపగా చుట్టిన నూలు విప్పుతున్న అత్తయ్య చేతులు ఆగాయి. మళ్ళీ అంతలోనే కదిలాయి.

"కూరలమ్మకి ఎవరు చెప్పారట?"

"ఎవరో చెప్పారట. ఆ చెప్పినవాళ్ళకి బాగా తెలిసినవాళ్ళెవరో చెప్పారట. పాపం, చెప్పేటప్పుడు పిన్నికి దగ్గు ఆగలేదు. భయంతో గొంతు ఎండిపోయిందంది."

"ఊఁ," అంది అత్తయ్య. అంతే. చిలప అక్కడే పడేసి వెనక కొట్టంలోకి వెళ్ళిపోయింది.

అత్తయ్య నవ్వితే ఆ మాట అబద్ధమన్నట్టు. మరి నవ్వలేదంటే? పిచ్చుక పాపని గుండెకి అదుముకుంది.

వాళ్ళది అద్దకం ఇల్లు. ముందు గదులు కాపురానికి, వెనక రేకుల కొట్టం పనికి. కొట్టంలో నేలలోకి మెడదాకా పాతిన మట్టి బానలు, మనిషి దిగితే మునిగేంతవి. వాటిలో నీలిమందు, సున్నం, ఉడకబెట్టిన గింజల గంజి కలిసి పులుస్తాయి. బాన బాగా పులిస్తే పైన రాగి రంగు తెట్టు కడుతుంది. అందులో ముంచిన నూలు పచ్చగా పైకొచ్చి, గాలి తగలగానే కళ్ళముందే నీలంగా మారిపోతుంది. పులవకపోతే ఎన్నిసార్లు ముంచినా మురికి బూడిద రంగే. అప్పుడు బాన పడుకుంది అంటారు. పడుకున్న బానల్ని లేపడంలో అత్తయ్య చేతికి ఎదురు లేదు. అందుకే వీధంతా ఆవిణ్ణి బానమ్మ అంటుంది.

ఆవిడ కొడుకు, పిచ్చుక మొగుడు, నీలోడు. చిన్నప్పుడు బానలో పడి తేలాడు గనక ఆ పేరు ఉండిపోయింది. రంగు కుదిరిందో లేదో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని చెప్పేస్తాడు. అందుకే గోళ్ళే కాదు, పెదాలూ ఎప్పుడూ నీలమే. మొదటిసారి చూసినప్పుడు పిచ్చుక జడుసుకుని "విషం తాగినవాడిలా ఉన్నాడమ్మా" అని తల్లి చెవిలో గొణిగింది. "తాగలేదు, రుచి చూశానంతే" అని పక్కగదిలోంచి సమాధానం వచ్చింది. ఆ మాటకే ఆమె పెళ్ళికి ఒప్పుకుంది.

జబ్బు వచ్చి బజార్లు మూసేశాక పని ఆగిపోయింది, ఒక్కొక్క బానే పడుకుంది. చివరికి పెద్ద బాన మిగిలింది. అది అత్తయ్య అత్తగారి చేతి బాన. అది లేస్తే దాని పులుపు తోడేసి మిగతావాటిని లేపుకోవచ్చు. అది పోతే కొట్టానికి తాళమే. అత్తయ్య రోజూ దాన్ని గెడతో కలుపుతోంది, గంజి పోస్తోంది, మూత మీద కంబళి కప్పుతోంది. నీలోణ్ణి కూడా దగ్గరికి రానివ్వడం లేదు. అది లేవనంటోంది.

ఇక క్లిప్పు సంగతి. ఆరోగ్య కేంద్రం నుంచి ఒకమ్మాయి ఇంటింటికీ తిరిగేది. వీధికి ఆమె క్లిప్పమ్మాయి. వేలికి క్లిప్పు పెట్టి, రక్తంలో ఊపిరి ఎంతుందో అంకె చూసి చెప్పేది. తొంభై అయిదు పైన ఉంటే మంచిదే. తొంభై కిందికి దిగిందా, ఆసుపత్రి బండికి ఫోను చేసేది. అద్దకం వీధిలో మొదటిసారి తిరిగిన రోజే రభస అయింది. దుక్కలా ఉండే రంగుల మేస్త్రికి క్లిప్పు డెబ్బై చూపించింది. "నాకా? నాకా ఊపిరి లేనిది?" అని ఆయన సున్నం బస్తా ఎత్తి భుజాన వేసుకుని వీధి కొస దాకా నడిచి చూపించాడు. ఆ అమ్మాయి వినలేదు. "మిషను తప్పు చెప్పదండీ" అంది. బండెక్కించారు. కొన్నాళ్ళకి ఆయన ఎలా వెళ్ళాడో అలాగే తిరిగొచ్చి, "నాకేమీ లేదట. ఉత్తపుణ్యానికి మంచమెక్కించారు" అన్నాడు. ఆ మాటకి ఆరోగ్య కేంద్రం నుంచి ఎవరూ వచ్చి బదులు చెప్పలేదు.

అప్పట్నుంచి వీధిలో తలుపులు సగమే తెరుచుకునేవి. ఆ సగం తెరిచిన తలుపుల్లోంచే ఈ కొత్త మాట దూరింది.

నాలుగు రోజులు తిరక్కుండానే దానికి చిలవలు పలవలు వచ్చాయి. పిచ్చుక ఫోనుకి ఎవరో మగమనిషి గొంతుతో కబురు వచ్చింది. ఎంత మర్యాదైన గొంతో. తనూ వైద్యుడే అన్నాడు, మనసొప్పక చెబుతున్నానన్నాడు. క్లిప్పులతో లాగిన ఊపిరిని సిలిండర్లలో నింపి, డబ్బున్నవాళ్ళకి పెడుతున్నారన్నాడు. పిచ్చుక అది అత్తయ్యకి వినిపించింది.

"సిలిండర్లా?" అత్తయ్య మొహం వెలవెలబోయింది. "సిలిండర్లు ఎవరు కలిపారు?"

ఎవరు కలిపారు, అందేమిటి? ఎవరు చెప్పారు అనాలి గాని? గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆ తడబాటేమిటి? పిచ్చుక అత్తయ్య వంక చూసింది. అత్తయ్య నేల వంక చూసింది.

ఆ సాయంత్రం పాపకి పాలిస్తూ కిటికీలోంచి చూస్తే, అత్తయ్య పెద్ద బాన పక్కన గొంతుక్కూర్చుని, మూత కాస్త ఎత్తి, లోపలికి ఏదో చెబుతోంది. చెప్పి, చెవి దగ్గరగా పెట్టి వింటోంది. ఈవిడకి ఏదో తెలుసు, అనుకుంది పిచ్చుక. తెలిసి నా దగ్గర దాస్తోంది.

అలాంటి రోజుల్లోనే నీలోడికి దగ్గు పట్టుకుంది.

మొదట సున్నం ఘాటన్నాడు. ఒళ్ళు వెచ్చబడితే ఎండ దెబ్బన్నాడు. చివరికి తనే చాప చంకన పెట్టుకుని నూలు గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. అక్కణ్ణుంచే కబుర్లు.

"పిచ్చుకా, పాప ఏం చేస్తోంది?"

"నువ్వు దగ్గినప్పుడల్లా నవ్వుతోంది."

"అబ్బ, తండ్రి కష్టానికి నవ్వే కూతురే! అచ్చం మా అమ్మ పోలిక."

అంబలి గిన్నె గుమ్మం దగ్గర పెట్టి పిచ్చుక పక్కకి తప్పుకునేది. తలుపు తెరుచుకునేది, నీలం వేళ్ళు గిన్నెని లోపలికి లాక్కునేవి. ఆ వేళ్ళు కనబడినంత సేపే ఆమెకి ధైర్యం.

క్లిప్పమ్మాయి వచ్చింది. మాస్కు మీద కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి, నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి.

"ఇంట్లో ఎవరికైనా దగ్గు, జ్వరం ఏమైనా ఉన్నాయా అక్కా?"

"లేవు."

"బావగారు ఏరీ?"

"బజారుకెళ్ళాడు."

"బజారు మూసేశారు కదక్కా."

"అందుకే, ఇంకా రాలేదు."

లోపల్నుంచి దగ్గు వినిపించింది. పొడవైన దగ్గు.

"పాప," అంది పిచ్చుక.

క్లిప్పమ్మాయి ఆమె చంకలో వేలు చీకుతున్న పాప వంక చూసింది. "రోజూ చీకటి పడేదాకా వీధి కొసన బడి అరుగు మీదే ఉంటానక్కా," అని చెప్పి వెళ్ళిపోయింది.

తలుపు గడియ పెట్టి పిచ్చుక గోడకి జారగిలబడింది. ఎందుకు గట్టిగా అడగలేదీ అమ్మాయి? గట్టిగా అడిగి ఉంటే ఎందుకంత గట్టిగా అడుగుతోందని అనుమానించేది. అడక్కుండా పోయింది గనక, తర్వాత మందిని వెంటేసుకుని వస్తుందేమోనని అనుమానం. వెనక్కి తిరిగితే నడవాలో అత్తయ్య నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. నోరు తెరిచి, మళ్ళీ మూసేసింది.

"ఏంటత్తయ్యా? చెప్పండి."

"ఏం లేదే. అంబలి చల్లారిపోతోంది, వాడికి పెట్టు."

మర్నాడు పొద్దున్నే నీలోడు నూలు గదిలోంచి బయటికి వచ్చాడు. బాన వాసన చూస్తే చాలు, లేచేదీ లేనిదీ చెప్పేస్తానన్నాడు. గోడ పట్టుకుని కొట్టం దాకా వెళ్ళాడు. పిచ్చుక పాపతో దూరంగా నిలబడింది. అతను బాన గట్టు మీద కూలబడి నవ్వాడు.

"తెట్టు... ఇంకా కట్టలేదమ్మా... వాసన మాత్రం..."

మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందుకుంటున్నాడు. మొహంలో బాధ లేదు, హాయిగా నిద్రొస్తున్నవాడిలా ఉన్నాడు. వాసన మాత్రం ఏమిటో చెప్పకుండానే తల వాల్చి కునుకు తీశాడు.

అత్తయ్య అతని గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. వెలుతురులోకి తిప్పింది. కళ్ళు చిట్లించి చూసింది.

"వీడు బాన రుచి చూసి ఎన్నాళ్ళయిందే?"

"మీరేగా దగ్గరికి రానివ్వడం లేదు. చాలా రోజులైంది."

"గోళ్ళకైతే రంగు నెలల తరబడి ఉంటుంది. పెదాలకి రెండ్రోజులు కూడా నిలవదు." అత్తయ్య కొడుకు పెదాన్ని బొటనవేలితో గట్టిగా రుద్దింది. ఆ వేలు చూసుకుంది. ఏమీ అంటలేదు. "ఈ నీలం నా బానది కాదు. నా నీలం నాకు తెలియదా? ఇది వాడి లోపల్నుంచి వస్తోంది. పో, ఆ క్లిప్పు పిల్లని పిలుచుకురా."

"క్లిప్పా?" అంది పిచ్చుక. "ఉన్న ఊపిరి కూడా లాగించెయ్యడానికా?"

"అది లాగదే. ఆ మాట నాది."

"మీదంటే?"

"నేనే కట్టాను. బాన కోసం."

అద్దకంవాళ్ళకి పాతకాలం నుంచీ ఒక నమ్మకం ఉంది. పడుకున్న బాన ఎంతకీ లేవకపోతే ఒక అబద్ధం కట్టి వీధిలోకి వదలాలి. అది ఎన్ని చెవులు దాటితే బాన అంత బాగా పులుస్తుంది. గాలి కబుర్లని నీలివార్తలనడం అందుకేనంటారు కూడా. బాన లేచేదాకా కట్టినవాళ్ళు ఆ మాట వెనక్కి తీసుకోకూడదు. తీసుకుంటే బాన విరిగిపోతుంది. పిచ్చుకకి ఇది తెలియనిది కాదు. ఆమె కాపురానికొచ్చిన ఏడు చిన్న బాన ఒకటి పడుకుంటే, కొత్త కోడలు రైలింజనులా కూత వేస్తుందని అత్తయ్య వదిలింది. పిల్లలు కిటికీ ఊచలకి వేలాడి "అక్కా, ఒక్క కూత" అని ప్రాణం తీశారు. అప్పుడు నవ్వుకున్నారు.

"ఎవరికీ కీడు చెయ్యని మాటే కట్టాలని మా అత్తగారు చెప్పేది," అంది అత్తయ్య. "ఈసారి ఏం చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదే. మేస్త్రి ఇంట్లో పిల్లి నాలుగు భాషలు మాట్లాడుతుందని చెప్పినా ఒక్కరు నవ్వలేదు. జనం ఈ జబ్బు సంగతి తప్ప ఇంకేమీ వినడం లేదు. మేస్త్రికి జరిగింది చూసి, నోటికొచ్చింది అనేశాను. సిలిండర్లు మాత్రం నావి కావు. ఒట్టు. అవి ఎవరు కలిపారో నాకు తెలీదు."

పిచ్చుక పాపని ఇంకో చంకకి మార్చుకుంది. ఏడుపు రాలేదు. అనుమానమే వచ్చింది, ముల్లులా.

"అప్పుడు చెప్పింది బాన కోసం. ఇప్పుడు చెబుతున్నది?"

"ఇప్పుడు నిజం చెబుతున్నానే!"

"నాకెలా తెలుస్తుందత్తయ్యా? బాన ఇంకా పడుకునే ఉంది. ఆ మాట చాలక ఇంకో మాట కట్టారేమో. నిన్నమొన్నటి దాకా నా మొహం చూసి నోరు మూసుకున్నారు. నిన్న నా చేత ఆ అమ్మాయికి అబద్ధం చెప్పించారు."

"నీ చేత నేను చెప్పించానా?"

"నోరు విప్పకపోతే చెప్పించినట్టు కాదా?"

అత్తయ్య కొడుకు వంక చూసింది. అతను బాన గట్టుకి తల ఆనించి కళ్ళు సగం మూసుకున్నాడు. ఆవిడ లేచింది. కొట్టం మూల రంగు వేశాక నూలుని ఆఖర్న జాడించే పులుసు నీళ్ళ కుండ ఉంటుంది. అందులో చుక్క బానలో పడితే బాన విరుగుతుందని, దాన్ని అటు చివర పెట్టి మూత మీద రాయి ఉంచుతారు. అత్తయ్య ఆ రాయి తోసేసింది. కుండని రెండు చేతులా ఎత్తుకొచ్చింది.

"అత్తయ్యా!"

పెద్ద బాన మూత కాలితో జరిపి, కుండంతా అందులోకి వంచేసింది. సున్నం బుస్సుమంది. బూడిద నురుగు పొంగి గట్టు దాటి నేల మీదికి పాకింది. అత్తయ్య అత్తగారి కాలం నుంచీ ఆరని పులుపు, ముక్కు పగిలే కంపు కొట్టి చచ్చిపోయింది.

"అయిపోయింది," అంది అత్తయ్య. ఆవిడకి ఆయాసం వస్తోంది. "లేపడానికి ఇంక బాన లేదు. ఎవరి కోసం అబద్ధమాడతాను? పో."

పిచ్చుక పరుగెత్తింది.

ఈలోగా అత్తయ్య నీలోణ్ణి నూలు గదిలోకి చేర్చింది. క్లిప్పమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడగానే పిచ్చుక అడ్డం వచ్చింది. అత్తయ్య మాట నమ్మడం వేరు, ఆ క్లిప్పుని నమ్మడం వేరు. పాపని అత్తయ్య చేతికిచ్చి తన వేలు చాపింది. "ముందు నాకు పెట్టు." పాప పుట్టిన దగ్గర్నుంచి ఆమె బానలో చెయ్యి పెట్టలేదు. వేళ్ళు తెల్లగా, కొత్తగా ఉన్నాయి. క్లిప్పు కరిచినట్టయి కళ్ళు మూసుకుంది. ఊపిరి బయటికి పోతుందేమోనని బిగబట్టింది.

"ఊపిరి తీసుకోండక్కా, లేకపోతే మీకే కళ్ళు తిరుగుతాయి." అంకె తొంభై ఎనిమిది.

తర్వాత నీలోడి వేలికి పెట్టింది. అంకె కాసేపు గంతులేసి అరవై దగ్గర ఆగింది. అత్తయ్య పాపని ఎత్తుకునే తన వేలూ దూర్చింది. అదీ అరవై చిల్లరే.

"అంటే నేనూ చస్తున్నానా?" అత్తయ్య గొంతుకి నూలు గది రేకులు అదిరాయి. "చెప్పవే పిల్లా, నేనూ చస్తున్నానా? ఈ గొంతు చచ్చేదాని గొంతులా ఉందా?"

క్లిప్పమ్మాయి క్లిప్పుని అటూ ఇటూ తిప్పింది. పిచ్చుక ఆ కళ్ళనే చూస్తోంది. ఇప్పుడు 'మిషను తప్పు చెప్పదు' అంటుంది. అంటే తలుపు వేసేద్దాం.

"నాకు తెలీడం లేదక్కా," అంది ఆ అమ్మాయి. "నిజంగా తెలీడం లేదు. ఉండండి, అడుగుతాను."

గుమ్మం బయటికి పోయి ఫోనులో మాట్లాడింది. వెనక్కి వచ్చేసరికి ఆ కళ్ళు ఇంకా ఎర్రబడి ఉన్నాయి. "గోటికి రంగుంటే లోపల వెలుతురు సరిగ్గా దూరదట. అంకె తప్పు వస్తుందట. కాలి వేలికి పెట్టమన్నారు. మాకు ఇది ఎవరూ చెప్పలేదక్కా. మేస్త్రి గారిని నేను అనవసరంగా..." మాట పూర్తి చెయ్యలేదు.

అంత చదువుకున్న పిల్ల, చేతిలో మిషను ఉన్న పిల్ల, నాకు తెలీదు అంది. తెలుసు తెలుసు అన్నవాళ్ళే గాని, ఆ మాట అన్నవాళ్ళు పిచ్చుకకి ఇన్నాళ్ళలో ఒక్కరూ తగల్లేదు. ఆమె పక్కకి జరిగింది.

పనిలో ఎప్పుడూ రబ్బరు బూట్లే గనక అద్దకంవాళ్ళ కాళ్ళకి రంగు అంటదు. అత్తయ్య బొటనవేలికి తొంభై ఆరు వచ్చింది. నీలోడి బొటనవేలికి ఎనభై దాటలేదు. క్లిప్పు తీసి మళ్ళీ పెట్టింది. ఇంకో కాలికి పెట్టింది. అంతే.

బండి వచ్చింది. ఎక్కించేటప్పుడు నీలోడు కళ్ళు తెరిచాడు. "పిచ్చుకా... కాలికి పెట్టిందేంటి... మెట్టెలా?" అన్నాడు. తలుపు మూసుకుంది. వీధిలో కిటికీలన్నీ తెరుచుకుని ఉన్నాయి, ఒక్కరూ బయటికి రాలేదు.

అత్తయ్య ఆ రోజే మొదలుపెట్టింది. నెత్తిన చెంగు కప్పుకుని, మూతికి గుడ్డ కట్టుకుని గడపగడప ముందూ దూరంగా నిలబడి చెప్పింది. ఆ మాట నాది, అబద్ధం, క్లిప్పు ఏమీ లాగదు, దగ్గున్నవాళ్ళు చూపించుకోండి. జనం తలుపు సందుల్లోంచి విన్నారు. కొందరు కన్ను కూడా గీటారు.

"ఏం బానమ్మా, మళ్ళీ పడుకుందా బాన?"

"బాన చచ్చింది. నేనే చంపాను."

"అయితే కొత్త బానకన్నమాట ఈ మాట! బాగా కట్టావు."

ఇంకొకడు గొంతు తగ్గించి, "కొడుకుని పట్టుకుపోయారుగా. ఇలా చెప్పి తిరక్కపోతే వాణ్ణి వదిలిపెట్టం అన్నారేమో పాపం" అన్నాడు. సాయంత్రానికి ఆ మాటే వీధంతా తిరిగింది. అబద్ధం చెప్పినప్పుడు ఒక్కరు ఎందుకని అడగలేదు. నిజం చెబుతుంటే ఎన్ని ప్రశ్నలో! అత్తయ్య ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండానే అరుగు మీద కూలబడింది.

"నా నోరే నాకు శత్రువయ్యిందే," అంది.

పిచ్చుకకి కోపం పోలేదు, నీళ్ళ చెంబు మాత్రం తెచ్చి పక్కన పెట్టింది.

ఆసుపత్రి నుంచి రోజుల తరబడి కబురు లేదు. పిచ్చుక ఫోను చేతిలోంచి దించలేదు. పాప ఏడిస్తే ఉలిక్కిపడేది, పాప ఏడవకపోతే ఇంకా ఉలిక్కిపడేది. ఆ అమ్మాయిని నమ్మి తప్పు చేశానా అని ఒకసారి, ముందే నమ్మి ఉంటే అని ఇంకోసారి. ఒకరోజు కొళాయి దగ్గర బిందె నిండుతుండగా ఫోను మోగింది. నీలోడి గొంతు. బొంగురుగా, దూరంగా, అయినా అతని గొంతే.

"ముక్కుకి గొట్టం పెట్టారు పిచ్చుకా. ఇప్పుడు మాటకి మధ్యలో ఆగక్కర్లేదు, చూడు. ఇంకొన్నాళ్ళు ఉంచుతారట. పాప ఏం చేస్తోంది?"

పిచ్చుక బిందె అంచు పట్టుకుని ఏడ్చేసింది. కొళాయికి ఎదురు కూరలమ్మ ఇల్లు. మూసిన తలుపు వెనక నుంచి దగ్గూ, దగ్గు వెనకే మాటా వచ్చాయి.

"అది వాడే అని ఏంటమ్మా నమ్మకం? గొంతులు కూడా తయారుచేస్తున్నారట ఈమధ్య."

"నువ్వే అడుగు పిన్నీ," అని పిచ్చుక ఫోను గొంతు పెంచి తలుపు వైపు చాపింది.

"ఒరేయ్, నువ్వు నీలోడివే అయితే, చిన్నప్పుడు నా బండి మీంచి ఏం ఎత్తుకుపోయావురా?"

"తూకం రాయి పిన్నీ. బానలో వేశాను, నీలమవుతుందేమోనని. నువ్వు దోసకాయలే పోయాయనుకుని చింతకొమ్మ పట్టుకుని వీధంతా తిప్పావు. బాన కడిగినప్పుడు అమ్మకి దొరికితే తెచ్చిచ్చింది. ఎవరికీ చెప్పద్దని అమ్మ చేత నువ్వే ఒట్టేయించుకున్నావట, రాయి పోయిందంటే తూకం మీద అనుమానాలొస్తాయని."

తలుపు వెనక పిన్ని ఏడుస్తోందో నవ్వుతోందో పిచ్చుక పోల్చుకోలేకపోయింది. దగ్గొక్కటే వినిపించింది, మాటకీ మాటకీ మధ్య నీలోడు వెతుక్కున్నట్టే ఊపిరి వెతుక్కుంటున్న దగ్గు.

ఆమె బిందె అక్కడే వదిలేసి బడి అరుగు దాకా పరుగెత్తి క్లిప్పమ్మాయిని వెంటబెట్టుకొచ్చింది. ఇద్దరూ తలుపు ముందు నిలబడ్డారు.

"పిన్నీ, నేను పిచ్చుకని. తలుపు తియ్యి."

"తియ్యను. నన్ను బండెక్కిస్తారు."

"అంకె బాగుంటే ఎందుకెక్కిస్తారు? నాకు పెట్టింది కదా, నేను పోయానా? పాపకి ఇవాళ కూడా పాలిచ్చాను."

"వేలు ఇవ్వను గాక ఇవ్వను," అంది కూరలమ్మ. అని, చాలాసేపు ఆలోచించింది. "కాలికి కూడా పెడతారంటగా? కాలైతే... కాలు గుండెకి దూరం కదా. అక్కణ్ణుంచి ఊపిరి లాగడం దానికి అంత తేలిగ్గాదు."

క్లిప్పమ్మాయి నోరు తెరిచింది. కూరలమ్మ వేళ్ళకి రంగూ లేదు, ఏమీ లేదు, చేతి వేలే చాలని చెప్పబోయింది. పిచ్చుక ఆమె మోచెయ్యి పట్టుకుని నొక్కింది.

"అవును పిన్నీ," అంది. "కాలు బాగా దూరం."

గడియ తీసిన చప్పుడయింది. తలుపు బెత్తెడు తెరుచుకుంది. ఆ సందులోంచి, పగుళ్ళు బారి, మట్టి కొట్టుకుపోయిన పాదం ఒకటి బయటికి వచ్చి, బొటనవేలు పైకెత్తి ఆగింది.